వీ6 ఎస్‌యూవీకి సూపర్‌ఛార్జర్: ముందు వేడి లెక్క, ఆ తర్వాతే బిగింపు

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పి సమాధానంలోకి వస్తాను. మీది టర్బో లేని 3.5 లీటర్ల వీ6 (వీ ఆకారంలో ఆరు సిలిండర్లున్న) పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న ఏడు సీట్ల ఎస్‌యూవీ. కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్ తన లోపలి గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్న అంకె) 10.5, ఇప్పటికి 90 వేల కిలోమీటర్లు తిరిగింది. నిండా మనుషులతో, సామానుతో కొండదారి ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు మధ్య గీతను దాటి కొంచెం పైకి వెళుతోంది. 8 పీఎస్‌ఐ బూస్ట్ (వాతావరణ పీడనం మీద అదనపు పీడనం) ఇచ్చే సూపర్‌ఛార్జర్ కిట్, అంటే ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ గాలిని కుదించి సిలిండర్లలోకి నెట్టే పంపు, బిగించాలని మీకు ఉంది. అమ్మే వ్యక్తి ఇంటర్‌కూలర్ (కుదించిన గాలిని చల్లబరిచే పరికరం) అక్కర్లేదని, కాస్త ముందుగా తెరుచుకునే థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) వేస్తే వేడి సంగతి అదే సర్దుకుంటుందని చెప్పారు. అది నిజమేనా అన్నది మీ సందేహం.

బిగించవచ్చు, కానీ ఆయన చెప్పిన పద్ధతిలో మాత్రం కాదు. ఈ ఇంజిన్‌కు 5 నుంచి 6 పీఎస్‌ఐ దగ్గర ఆగండి, నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్ తప్పనిసరిగా పెట్టించండి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూనింగ్‌ను కొత్త అమరికకు తగ్గట్టు చేయించండి. వీటన్నిటికంటే ముందు, ఇప్పుడు కొండెక్కేటప్పుడు ముల్లు ఎందుకు లేస్తోందో తేల్చండి. ఆ కారణం దొరికేదాకా కిట్ పెట్టెను విప్పవద్దు. థర్మోస్టాట్ మాట పూర్తిగా తప్పు. ఎందుకో కింద వివరిస్తాను.

నేను దాదాపు పదిహేనేళ్లుగా పెట్రోల్ ఇంజిన్లకు సూపర్‌ఛార్జర్లు బిగిస్తూ, ఇతరులు బిగించినవి బాగుచేస్తూ ఉన్నాను. మరమ్మతుకు వచ్చిన బండ్లలో సూపర్‌ఛార్జర్ యంత్రమే విరిగిపోయినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం వేడి వల్ల వచ్చినవే, అందులోనూ అసలు కారణం బిగించిన రోజునే బండిలో ఉండినవే.

గాలిని కుదిస్తే అది వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు దాని అడుగుభాగం చేతికి చురుక్కుమనడం అందరికీ తెలిసినదే. సూపర్‌ఛార్జర్ చేసే పని కూడా అదే, కాకపోతే క్షణానికి కొన్ని వందల లీటర్ల గాలితో చేస్తుంది. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు, 60 శాతం సామర్థ్యంతో పనిచేసే సూపర్‌ఛార్జర్ 8 పీఎస్‌ఐ బూస్ట్ ఇస్తే, దాని నుంచి బయటికి వచ్చే గాలి సుమారు 109 డిగ్రీలు ఉంటుంది. 6 పీఎస్‌ఐ అయితే అదే గాలి 94 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడెక్కిన గాలి పలుచనవుతుంది కాబట్టి, పీడనం పెరిగినంత మేరకు సిలిండర్లోకి వెళ్ళే ఆక్సిజన్ పెరగదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి, మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. ఇంటర్‌కూలర్ లేకుండా 8 పీఎస్‌ఐ పెడితే, 109 డిగ్రీల గాలితో సిలిండర్‌కు చేరే గాలి బరువు మామూలుకంటే దాదాపు 26 శాతం పెరుగుతుంది. 6 పీఎస్‌ఐ మాత్రమే పెట్టి, ఇంటర్‌కూలర్‌తో ఆ గాలిని 60 డిగ్రీలకు దించితే పెరుగుదల దాదాపు 32 శాతం. ఇంటర్‌కూలర్ దాటిన తర్వాత కొలిచిన పీడనంతో వేసిన లెక్క ఇది. దానిలో పోయే అర పీఎస్‌ఐని ముందే లెక్కలోంచి తీసేశాను. అంటే తక్కువ బూస్ట్‌తో, చల్లటి గాలితో, బెల్టు మీద తక్కువ భారంతో మీకు ఎక్కువ శక్తి వస్తోంది. అమ్మే వ్యక్తి చూపిస్తున్న 8 అన్న అంకె పీడనానికి సంబంధించినదే తప్ప శక్తికి సంబంధించినది కాదు.

నాకింగ్ దీనికంటే ముఖ్యమైన విషయం. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంచులకు చేరకముందే, అక్కడ మిగిలి ఉన్న గాలి, పెట్రోలు మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తాను భగ్గుమనడమే నాకింగ్. లోపలికి వెళ్ళే గాలి ఎంత వేడిగా ఉంటే ఆ ప్రమాదం అంత దగ్గరవుతుంది. 10.5 నిష్పత్తితో సిలిండర్ గాలిని ఎలాగూ గట్టిగానే కుదిస్తుంది. దానికి 109 డిగ్రీల గాలిని అందించడం గోరుచుట్టు మీద రోకటి పోటు వంటిది. సొంతంగా సూపర్‌ఛార్జర్ బిగించి అమ్మిన కంపెనీలు ఈ విషయంలో ఎంత జాగ్రత్త పడ్డాయో చూడండి. 2018 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీ ట్రాక్‌హాక్‌లో 707 హార్స్‌పవర్ ఇచ్చే 6.2 లీటర్ల వీ8 ఇంజిన్‌కు కంప్రెషన్ నిష్పత్తిని 9.5గా పెట్టి, ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన గట్టి) పిస్టన్లు వేసి, నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్లు అమర్చారు. సూపర్‌ఛార్జర్ లేని 6.4 లీటర్ల హెమీ ఇంజిన్‌లో ఆ నిష్పత్తి 10.9. మీ ఇంజిన్‌లో పిస్టన్లు మార్చడం లేదు కాబట్టి, మీ చేతిలో మిగిలినవి బూస్ట్ తగ్గించడం, గాలిని చల్లబరచడం, టైమింగ్ (స్పార్క్ వెలిగే క్షణం) సరిచేయడం, నాకింగ్‌ను బాగా తట్టుకునే అధిక ఆక్టేన్ పెట్రోలు వాడడం మాత్రమే.

ఒకసారి మీ బండిలాంటిదే నా దగ్గరకు వచ్చింది. వేరే చోట 7 పీఎస్‌ఐ కిట్‌ను ఇంటర్‌కూలర్ లేకుండా బిగించారు. నాలుగు నెలలు బాగానే నడిచి, ఒక వేసవి మధ్యాహ్నం సామాను లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ కొట్టుకోవడం మొదలైంది. విప్పి చూస్తే నాలుగో సిలిండర్ పిస్టన్‌లో రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోయి ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే క్యాస్ట్ (పోతపోసిన) పిస్టన్లు నాకింగ్‌కు బలి అయ్యే తీరు సాధారణంగా ఇదే. ట్యూనింగ్ ఫైలు తెరిచి చూస్తే, గాలి వేడెక్కినప్పుడు ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కు తగ్గించవలసిన పట్టికలో 50 డిగ్రీల పైన అంకెలన్నీ సున్నాలే ఉన్నాయి. పరీక్షించిన గదిలో పెద్ద ఫ్యాను ఎదురుగా పెట్టి, పది సెకన్లు తొక్కి, అంకెలు చూసి సంతోషించి పంపినట్టున్నారు. ఆ పది సెకన్లలో గాలి 50 డిగ్రీలు దాటి ఉండదు.

ఇక మీ ఇంజిన్ కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్ళే ద్రవం) సంగతి. చాలామంది పొరబడే చోటు ఇది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో స్థూలంగా మూడో వంతు షాఫ్టుకు చేరుతుంది, దాదాపు మూడో వంతు ఎగ్జాస్ట్ వెంట పోతుంది, మిగిలినది కూలెంట్‌లోకీ ఆయిల్‌లోకీ ఇంజిన్ ఒంటిమీదుగా గాలిలోకీ పోతుంది. శక్తి 30 శాతం పెరిగితే రేడియేటర్ మీద పడే భారం కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. కానీ ఆ శక్తిని మీరు వాడినప్పుడే ఇది జరుగుతుందని గుర్తుంచుకోండి. అదే బరువుతో, అదే వాలు మీద, అదే వేగంతో ఎక్కడానికి కావలసిన శక్తి సూపర్‌ఛార్జర్ ఉన్నా లేకపోయినా ఒక్కటే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఇంతకుముందులాగే ఎక్కితే కూలెంట్ వేడి స్వల్పంగానే పెరుగుతుంది. కానీ సూపర్‌ఛార్జర్ బిగించుకున్నవారెవరూ మునుపటి వేగంతో ఎక్కరు, నేనూ ఎక్కను. 50 చోట 75తో ఎక్కుతాం, వేడి అక్కడ వస్తుంది.

దీనికి తోడు, ముందు భాగంలో ఇంటర్‌కూలర్ నీటిని చల్లబరిచే చిన్న రేడియేటర్ ఒకటి కొత్తగా చేరుతుంది. అది ఏసీ కండెన్సర్‌కు, ప్రధాన రేడియేటర్‌కు ముందు నిలబడి, అవి పీల్చుకోవలసిన గాలిని ముందే వేడి చేస్తుంది, కొంత అడ్డుకుంటుంది కూడా. అందుకే ఇప్పటికే ఆఖరి అంచున నడుస్తున్న కూలింగ్ వ్యవస్థ కిట్ బిగించిన తర్వాత అంచు దాటుతుంది.

పైగా మీ డ్యాష్‌బోర్డు ముల్లు నిజం చెప్పదు. చాలా బండ్లలో కూలెంట్ సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడ ఉన్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్ళే అమరుస్తారు. అటువంటి ముల్లు మధ్య గీత దాటిందంటే కూలెంట్ అప్పటికే 105 పైన ఉండి ఉండవచ్చు. ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్ అంకెలు చదవడానికి ఉండే సాకెట్) పెట్టే చిన్న రీడర్‌తో అసలు డిగ్రీలు చూడండి. కొండదారిలో మీ మామూలు బరువుతో, ఏసీ వేసి ఎక్కి, ఇరవై నిమిషాల అంకెలను లాగ్ చేసి ఉంచుకోండి. సూపర్‌ఛార్జర్ లేకుండానే కూలెంట్ 105 దాటుతుంటే ఆ బండికి నేను కిట్ బిగించను.

కారణాలు వెతికేటప్పుడు తేలికైనవాటి నుంచి మొదలుపెట్టండి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దుమ్ము, పురుగులు, ఎండుటాకులు పేరుకుని దట్టంగా దుప్పటిలా అంటుకుపోవడం ఎస్‌యూవీలలో సర్వసాధారణం. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. రెండింటినీ విడదీస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. తర్వాత రేడియేటర్ మూత. సగం నీరు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు వాతావరణ పీడనంలో 107 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. 15 పీఎస్‌ఐ నిలిపే మంచి మూత ఉంటే అది 128 దాకా మరగదు. మూత స్ప్రింగు సడలితే ఆ ఇరవై డిగ్రీల రక్షణ పోయినట్టే. ఆ తర్వాత ఫ్యాన్ క్లచ్, వాటర్ పంపు, గొట్టాలు, చివరగా కూలెంట్‌లోకి దహన వాయువులు చేరుతున్నాయేమో చూసే పరీక్ష. ఆరు సిలిండర్లకూ కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్ పీడనాన్ని నిలుపుతోందో లేదో చూసే) పరీక్షలు కూడా ఇదే విడతలో చేయించండి. 90 వేల కిలోమీటర్లు పెద్ద వయసు కాదు, కానీ ఒక సిలిండర్ బలహీనంగా ఉంటే బూస్ట్ దాన్నే ముందు వెతుక్కుంటుంది.

థర్మోస్టాట్ విషయానికి వస్తే, అది తలుపు మాత్రమే. 90 డిగ్రీలకు తెరుచుకునేదాని బదులు 77కి తెరుచుకునేది పెడితే, మామూలు దారిలో ఇంజిన్ కాస్త చల్లగా నడుస్తుంది, నాకింగ్ నుంచి కొద్దిపాటి వెసులుబాటు దొరుకుతుంది. కానీ 105 దగ్గర రెండూ పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. అక్కడి నుంచి వేడిని బయటికి పంపేది రేడియేటర్ వైశాల్యం, దాని గుండా పోయే గాలి, లోపల తిరిగే కూలెంట్; తలుపును ఎంత పెందలాడే తీసినా కిటికీలు పెద్దవి కావు. మరీ తక్కువ డిగ్రీలది పెడితే కొన్ని ఈసీయూలు ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని భావించి పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటాయి, ఆ పెట్రోలు కలిసి ఆయిల్ కూడా పలుచబడుతుంది.

ఇంటర్‌కూలర్‌ను ఎంచుకోవడంలో గాలితో చల్లబడేదా, నీటితో చల్లబడేదా అన్న చర్చ చాలా నడుస్తుంది. వీ6 మధ్యలోని లోయలో కూర్చునే సూపర్‌ఛార్జర్‌కు నీటిదే సహజంగా ఇముడుతుంది, గొట్టాలు పొట్టిగా ఉంటాయి. దీనికి ఇంజిన్ కూలెంట్‌తో సంబంధం లేని సొంత నీటి వలయం, సొంత పంపు, ముందు సొంత రేడియేటర్ ఉండాలి. మీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర 6 పీఎస్‌ఐతో లాగుతున్నప్పుడు సూపర్‌ఛార్జర్ గాలిలోకి ఎక్కించే వేడి సుమారు 12, 13 కిలోవాట్లు. 2 కిలోవాట్ల వాటర్ హీటర్లు ఆరింటిని ఒకేసారి వేసినట్టు. అందులో 8 కిలోవాట్ల దాకా ఇంటర్‌కూలర్ నీరు మోసుకుపోవాలి.

ఆ వలయంలో 6 లీటర్ల నీరు ఉందనుకుందాం. ముందున్న చిన్న రేడియేటర్ ఏమీ చల్లబరచకపోతే, 8 కిలోవాట్ల వేడికి ఆ నీరు ఒక్క నిమిషంలో దాదాపు 19 డిగ్రీలు పెరుగుతుంది. ఒక ఓవర్‌టేక్‌కు పదిహేను సెకన్లు తొక్కితే దాదాపు ఐదు డిగ్రీలే కాబట్టి ఏ ఇబ్బందీ కనిపించదు, అందుకే కొద్దిసేపు నడిపి చూసినప్పుడు ప్రతి కిట్టూ బాగుందనిపిస్తుంది. కొండదారిలో పావుగంట ఎక్కేటప్పుడే చిన్న రేడియేటర్ బలం తెలుస్తుంది. పెద్ద నీటి ట్యాంకు పెడితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. అది మీకు సమయాన్ని ఇస్తుంది గానీ చల్లదనాన్ని ఇవ్వదు. పైగా ఒకసారి వేడెక్కిన పెద్ద ట్యాంకు చల్లారడానికీ అంతే ఎక్కువ సమయం పడుతుంది. నా మట్టుకు నేను డబ్బును ముందు రేడియేటర్ వైశాల్యానికీ, నిమిషానికి కనీసం 20 లీటర్లు వాస్తవంగా తిప్పే పంపుకూ పెడతాను. పంపు పెట్టె మీద రాసిన లీటర్లు గొట్టాల నిరోధం లేనప్పటివి. వలయంలో బిగించాక అందులో సగం వచ్చినా సంతోషించాలి.

ఈ వలయంలో గాలి బుడగ చిక్కుకోవడం నేను అన్నిటికంటే తరచుగా చూసిన లోపం. ఒక బండిలో ఇన్‌టేక్ గాలి 80 డిగ్రీలకు వెళుతుంటే, యజమాని రెండుసార్లు రేడియేటర్ మార్చి, మూడోసారి ఇంకా పెద్దది కావాలని వచ్చారు. ఇంజిన్ వేడి మీద ఉండగా ఆ రేడియేటర్‌కు వచ్చే గొట్టాన్నీ పోయే గొట్టాన్నీ చేత్తో తాకి చూశాను. రెండూ చల్లగా ఉన్నాయి. పంపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, నీరు మాత్రం కదలడం లేదు. నింపే మూత ఇంటర్‌కూలర్ కంటే నాలుగు అంగుళాలు కింద ఉండడంతో గాలి పైనే నిలిచిపోయింది. మూతను వలయంలో అన్నిటికంటే ఎత్తైన చోటుకు మార్చి, ముందు చక్రాలను ఎత్తు మీద పెట్టి నింపితే, అదే దారిలో 58 డిగ్రీలు చూపించింది. ఆయన కొన్న రేడియేటర్లలో మొదటిదే సరిపోయేది.

గాలి దారి విషయంలోనూ ఇలాంటిదే మరో అనుభవం ఉంది. కిట్ బిగించాక బంపర్ తిరిగి పెట్టేటప్పుడు, రేడియేటర్ పక్కల ఉండే ఫోమ్ పట్టీలు, ప్లాస్టిక్ పలకలు కొత్త గొట్టాలకు అడ్డొస్తున్నాయని పారేశారు. గాలి ఎప్పుడూ తేలికైన దారి వెతుక్కుంటుంది. రేడియేటర్ సన్నని రెక్కల మధ్య నుంచి దూరడం కంటే పక్క సందుల్లోంచి జారిపోవడం దానికి సుఖం. నిదానంగా వెళ్ళేటప్పుడు మరీ అన్యాయం: ఫ్యాను వెనక్కు ఊదిన వేడి గాలి ఆ సందుల్లోంచే ముందుకు వచ్చి మళ్ళీ రేడియేటర్‌లోకి వెళుతుంది. సందులన్నీ అల్యూమినియం రేకుతో, ఫోమ్‌తో మూసేసరికి అదే కొండ మీద కూలెంట్ 7 డిగ్రీలు తగ్గింది. కొత్త భాగం ఒక్కటి కూడా కొనలేదు.

బానెట్‌కు రంధ్రాలు చేయించాలనుకుంటే వాటిని ముందు మూడో వంతులో, రేడియేటర్‌కు కొంచెం వెనక పెట్టించండి. బండి కదులుతున్నప్పుడు అక్కడ పీడనం తక్కువగా ఉండి లోపలి వేడి గాలిని బయటికి లాగుతుంది. అద్దం దగ్గరగా పెడితే అక్కడి పీడనం ఎక్కువ కావడం వల్ల బయటి గాలి లోపలికి దూరి, రేడియేటర్ గుండా రావలసిన గాలికి ఎదురు నిలుస్తుంది. చూడడానికి మాత్రం అద్దం దగ్గరివే బాగుంటాయి, అందుకేనేమో చాలామంది అక్కడే కోయిస్తారు.

సూపర్‌ఛార్జర్ రకం మీద మీరు అడగలేదు గానీ, వేడితో సంబంధం ఉంది కాబట్టి ఒక మాట. రెండు రోటర్లతో గాలిని నెట్టే రూట్స్, ట్విన్ స్క్రూ రకాలు 2000 ఆర్‌పీఎం నుంచే బూస్ట్ ఇస్తాయి. బరువైన బండికి, కొండదారికి ఆ లాగుడు హాయిగా ఉంటుంది. అయితే బండి నెమ్మదిగా కదులుతూ ఎదురుగాలి తక్కువగా ఉన్నప్పుడే వేడి పుట్టడం, ఇంజిన్ లోయలో కూర్చుని కింది వేడిని కూడా పీల్చుకోవడం వాటి లోపాలు. వేగంగా తిరిగే చక్రంతో గాలిని విసిరే సెంట్రిఫ్యూగల్ రకం ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ, దాదాపు దాని వర్గానికి అనుగుణంగా బూస్ట్ పెంచుతుంది. వేడి పుట్టే సమయానికి సాధారణంగా బండి వేగంగానే పోతూ ఉంటుంది. మీ వాడకానికి నేను ట్విన్ స్క్రూనే ఎంచుకుంటాను, మీ కూలింగ్ పరీక్ష బాగా వస్తేనే. అంతంతమాత్రంగా వస్తే సెంట్రిఫ్యూగల్ కొంత కనికరిస్తుంది. ఏ రకమైనా బైపాస్ వాల్వు సరిగా పనిచేయాలి. తేలికగా తొక్కి వెళ్ళేటప్పుడు అది తెరుచుకుని గాలిని తిరిగి లోపలికే పంపడం వల్ల సూపర్‌ఛార్జర్ కుదించే పని దాదాపు మానేస్తుంది, వేడీ పుట్టదు. వాల్వు మూసుకుని బిగుసుకుపోతే రోజంతా అనవసరంగా గాలిని కాల్చుతూనే ఉంటుంది.

ట్యూనింగ్‌లో మీరు స్వయంగా అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పూర్తి బూస్ట్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండాలి, 14.7 దగ్గర ఉంటే ఆ ఇంజిన్ ఎక్కువ రోజులు బతకదు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు 85 శాతం సమయానికి మించి తెరిచి ఉండకూడదు. ఇన్‌టేక్ పీడనాన్ని కొలిచే ఫ్యాక్టరీ మ్యాప్ సెన్సర్ సాధారణంగా వాతావరణ పీడనం దాటి కొలవలేదు కాబట్టి 2 బార్ సెన్సర్ కావాలి. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాత ఉండాలి. కొన్ని కిట్లలో అది ఎయిర్ ఫిల్టర్ దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు సిలిండర్‌లోకి 90 డిగ్రీల గాలి వెళుతున్నా ఈసీయూ 40 అనుకుని టైమింగ్ ఇస్తుంది. టైమింగ్‌ను అతిగా వెనక్కు లాగడం కూడా మందు కాదు. నాకింగ్ తగ్గినా మంట ఆలస్యమై ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, ఆ వేడి వాల్వుల మీదా క్యాటలిటిక్ కన్వర్టర్ మీదా పడుతుంది. స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటి రకం వేసి, సందును 0.7 మిల్లీమీటర్ల దగ్గరకు తగ్గిస్తారు. నాక్ సెన్సర్ ఉంది కదా అది చూసుకుంటుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ఆపదలో ఆదుకునే కాపలాదారు. రోజూ దాని మీదే బతకడానికి కాదు.

నీరు, మెథనాల్ చల్లే పరికరాల గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడిని లాక్కుంటుంది కాబట్టి అవి బాగానే పనిచేస్తాయి. కానీ ట్యాంకు ఖాళీ అయిన రోజు ఏమవుతుందన్న ప్రశ్నకు మీ ట్యూనర్ దగ్గర జవాబు ఉండాలి. వాటిని లెక్కలో చేర్చుకుని బూస్ట్ పెంచడం నాకు ఇష్టం లేదు.

ఆయిల్‌కు థర్మోస్టాట్ ఉన్న కూలర్ పెట్టించండి. గేర్‌బాక్స్‌కు కూడా విడిగా కూలర్ కావాలి, మీ బండికి ఇది మొదటిదానికంటే ముఖ్యం. బరువుతో ఎత్తెక్కేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ కాకుండా జారుతూ ఉంటే ఇంజిన్ శక్తిలో చెప్పుకోదగ్గ భాగం అక్కడే వేడిగా మారుతుంది. చాలా బండ్లలో ఆ వేడి ప్రధాన రేడియేటర్ అడుగున ఉండే చిన్న కూలర్ ద్వారా తిరిగి ఇంజిన్ కూలెంట్‌లోకే చేరుతుంది. మీ ముల్లు లేవడానికి అసలు కారణం ఇంజిన్ కాక గేర్‌బాక్స్ అయినా నేను ఆశ్చర్యపోను. కొండెక్కేటప్పుడు ఒక గేరు కిందికి పెట్టి ఆర్‌పీఎం కాస్త ఎక్కువ ఉంచితే కన్వర్టర్ లాక్ అవుతుంది, వాటర్ పంపు వేగం పెరుగుతుంది, బెల్టుతో తిరిగే ఫ్యానైతే అదీ పెరుగుతుంది. మీరు ఈ వారమే ఖర్చు లేకుండా పరీక్షించి చూడవచ్చు.

బిగించాక నేను యజమానులకు రాసిచ్చే హద్దులు ఇవి. ఇన్‌టేక్ గాలి 60 డిగ్రీల వరకు నిశ్చింతగా నడపవచ్చు, 70 దాటితే కాలు తేలిక చేయాలి, 80 దగ్గర ఈసీయూయే బూస్ట్‌నూ టైమింగ్‌నూ కోసివేసేలా ఉండాలి. కూలెంట్ 105 వరకు ఫరవాలేదు, 110 దగ్గర ఎక్కడం ఆపాలి. ఇంజిన్ ఆయిల్‌కు 125, గేర్‌బాక్స్ ఆయిల్‌కు 110 నా హద్దులు. గేర్‌బాక్స్ ఆయిల్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు ఇంచుమించు సగం అవుతుందని లెక్క. హద్దు దాటినప్పుడు వెంటనే ఇంజిన్ ఆపవద్దు. ఏసీ ఆపి, క్యాబిన్ హీటర్‌ను పూర్తిగా వేసి, బండిని పక్కకు నిలిపి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వండి. కూలెంట్ తిరుగుతుంటేనే సిలిండర్ హెడ్ సమంగా చల్లారుతుంది. కూలెంట్ బయటికి చిమ్ముతున్నా, ఆయిల్ లైటు వెలిగినా మాత్రం తక్షణం ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దని వేరే చెప్పనవసరం లేదు, అయినా చెబుతున్నాను. కాలిన చేతులు చూశాను.

కంపెనీ వారంటీ, బీమా, మీ ప్రాంతంలో బండి మార్పులకు ఉన్న నిబంధనలు కిట్ కొనకముందే కనుక్కోండి. తర్వాత కనుక్కుంటే తిరుగుదారి ఉండదు.

ముందుగా మూడు అంకెలు కావాలి: ఇప్పటి స్థితిలో, నిండు బరువుతో, ఏసీ వేసి కొండెక్కినప్పుడు ఇరవయ్యో నిమిషంలో కూలెంట్ ఎన్ని డిగ్రీలు, గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్ని డిగ్రీలు, బయట ఎంత ఎండ. అదే దారిని ఒక గేరు కిందికి పెట్టి మరోసారి ఎక్కి, ఆ అంకెలు కూడా పక్కన రాయండి. రెండోసారి కూలెంట్ స్పష్టంగా తగ్గితే ముందు గేర్‌బాక్స్ కూలర్ కొనండి, తగ్గకపోతే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందును విప్పించి చూడండి. బూస్ట్ ఎంతో నిర్ణయించే పుల్లీ (సూపర్‌ఛార్జర్ బెల్టు చక్రం) ఎంత సైజుది వేయాలన్నది ఆ అంకెలు తెలియజేశాక మాట్లాడుకుందాం.